ఆపిన మెయిలు

"రిపోర్టు మెయిల్లో చూస్తే తప్ప నేను కత్తి పట్టను" అని సర్జన్ ఫోను పెట్టేశాడు.

పోస్టుమాస్టరమ్మ కంప్యూటరు వైపు తిరిగింది. ఆసుపత్రిలో అందరూ ఆమెను పిలిచే పేరది. ఆమె ఏనాడూ ఉత్తరాల సంచీ మోసింది లేదు, ముద్ర కొట్టింది లేదు. ఆసుపత్రికి వచ్చే, పోయే మెయిళ్లను నడిపే సర్వర్ ఆమె చేతిలో ఉంటుంది, అంతే. మామూలు రోజుల్లో ఆ పిలుపుకు నవ్వేసేది. ఇవాళ పై అంతస్తులో, ఆపరేషన్ గది బయట స్ట్రెచర్ మీద పడుకున్నది ఆమె సొంత తమ్ముడు.

ఎవరో పుణ్యాత్ముడు పోతూ ఇచ్చిన కిడ్నీ ఐసుపెట్టెలో వచ్చి ఉంది. అది తమ్ముడి ఒంటికి సరిపడుతుందో లేదో తేల్చాల్సింది ఊరి చివరి ల్యాబ్. కిడ్నీ ఎక్కువసేపు ఆగదు. రిపోర్టు ఆలస్యమైతే వరసలో తరవాతి మనిషికి, వేరే ఆసుపత్రికి వెళ్లిపోతుంది.

పొద్దుటి నుంచీ వైరస్ మెయిళ్లు ఈగల్లా ముసురుతున్నాయి. జిప్ ఫైలు మోసుకొచ్చే ప్రతి మెయిల్నీ గుమ్మంలోనే ఆపెయ్యమని సర్వర్‌కు చెప్పింది ఆమే. ఆ మెయిళ్లలో కొన్ని ల్యాబ్ పేరుతోనే వస్తుంటే, ఎవరో దొంగపేరు పెట్టుకుని పంపుతున్నారనుకుని ల్యాబ్ చిరునామాను కూడా బ్లాక్ చేసింది. అది ఇప్పుడు గుర్తొచ్చింది. చేజేతులా తమ్ముడి గొంతు నొక్కానా అనుకుంది.

ల్యాబ్‌కు ఫోను చేసింది. ఎంగేజ్. మళ్లీ చేసింది. మళ్లీ ఎంగేజ్.

ల్యాబ్ చిరునామాను బ్లాక్ లోంచి తీసేసి సర్వర్‌ను తిరిగి మొదలుపెట్టింది. అది మొరాయించింది. అప్పటిదాకా వస్తున్న మెయిళ్లు కూడా ఆగిపోయాయి. మందుల గది నుంచి ఒకరు, నర్సుల గది నుంచి ఒకరు ఫోన్లు చేసి ఏమైందని నిలదీశారు. ఆమె తాను మార్చిన ప్రతి వరుసనూ వేలు పెట్టి చదివింది. తొందరలో ఒక బ్రాకెట్ చెరిపేసినట్టు కనపడింది. దాన్ని పెట్టగానే సర్వర్ కదిలింది. మెయిళ్లు బిలబిలమంటూ వచ్చి పడ్డాయి.

వాటిలో రిపోర్టు లేదు.

తమ్ముడి భార్య తలుపు దగ్గరకు వచ్చి నిలబడింది. లోపలికి అడుగు పెట్టలేదు.

"వదినా, కిడ్నీ పెట్టెను కిందికి దింపే ఏర్పాట్లు చేస్తున్నారు" అంది మెల్లగా.

పోస్టుమాస్టరమ్మ ఆమె ముఖం చూడలేకపోయింది. అనుమానం మీద పక్కన పెట్టిన మెయిళ్ల గుట్టను తెరిచి, పిచ్చిదానిలా వెతికింది. దొరికింది. ల్యాబ్ నుంచి వచ్చిందే. పైన తమ్ముడి పేరుంది. కింద, రిపోర్టు త్వరగా పంపమని పొద్దున తాను బతిమాలుతూ రాసిన మాటలు అక్షరం పొల్లుపోకుండా ఉన్నాయి. మధ్యలో ఒక్కటే వాక్యం: రిపోర్టు జతచేశాము, ఈ కింది పాస్‌వర్డ్‌తో వెంటనే చూడగలరు.

విడుదల మీటకేసి ఆమె వేలు వెళుతుంటే, పక్క కుర్చీలోని పెద్దాయన చెయ్యి అడ్డం పెట్టాడు. ఆ విభాగానికి ఆయనే అధికారి. జిప్ ఫైలుకు పాస్‌వర్డ్ ఉంది కనక లోపల ఏముందో సర్వర్‌కు కనపడదని, ల్యాబ్ వాళ్లు ఫోనెత్తేదాకా ఆగడం మంచిదని నచ్చజెప్పబోయాడు. రోగి వివరాలు కాబట్టే పాస్‌వర్డ్ పెట్టారని ఆమె వాదించింది. ఇలాంటివి వదలొద్దని పొద్దున అందరికీ చెప్పింది నువ్వే కదా అని ఆయన గుర్తుచేశాడు.

"పొద్దున నేను పోస్టుమాస్టర్ని సార్. ఇప్పుడు వాడి అక్కని."

ఆయన చెయ్యి తీసేశాడు.

మెయిలు వెళ్లింది. పాస్‌వర్డ్ అందులోనే ఉందని ఆమె సర్జన్‌కు ఫోను చేసి చెప్పి, లైన్లోనే ఉంది. తెరిచాను, ఏమీ కనపడటం లేదు, తెల్లకాగితంలా ఉంది అన్నాడాయన. మళ్లీ తెరవమంది. మళ్లీ తెరిచాడు. తరవాత ఆయన గొంతు మారిపోయింది. తెర నల్లబడిందట. పక్క కంప్యూటరు కూడా నల్లబడిందట.

పెద్దాయన సర్వర్ గదిలోకి పరిగెత్తి తీగలు పీకడం మొదలుపెట్టాడు. అప్పటికే మందుల గది, స్కానింగ్ గది, ఆపరేషన్ గది ఒకదాని వెనక ఒకటి మూగబోయాయి. రోగి వివరాలు, స్కాన్లు కళ్లముందు లేకుండా ఆపరేషన్ మొదలుపెట్టలేనని సర్జన్ తేల్చేశాడు. వరసలోని తరవాతి మనిషికి కబురు వెళ్లింది. ఐసుపెట్టె ఎక్కిన అంబులెన్సు కూత గేటు దాటి, వీధి మలుపులో సన్నబడి, వినపడకుండా పోయింది.

అప్పుడు ఫోను మోగింది.

"ల్యాబ్ నుంచండీ, మీ లైను ఇప్పటికి దొరికింది" అందొక ఆడగొంతు, ఆయాసపడుతూ. "మా కంప్యూటర్లో వైరస్ పడి, మీ మెయిళ్లకి దానంతటదే జవాబులు పంపేస్తోంది, ఏదీ తెరవకండి, మీ తమ్ముడి రిపోర్టు ఇప్పుడే వచ్చింది, కిడ్నీ చక్కగా సరిపోయింది, ఇక నిశ్చింతగా ఆపరేషన్ మొదలుపెట్టుకోమనండి."