ఇనుప దువ్వెన

"చెవి వంచి పట్టుకో. కాలిందంటే నన్ననకు."

ఆర్లెటా పొయ్యి మీంచి, రింగుల జుట్టును సాపు చేసే ఇనుప దువ్వెన తీసి కాగితానికి ఆనించి చూసింది. కాగితం గోధుమరంగుకు తిరిగింది. ఇంకాస్త చల్లారాలి.

కూతురు రషోండా వంటింటి కుర్చీలో బిగుసుకుని కూర్చుంది. పొద్దున్నుంచీ తల్లీకూతుళ్లిద్దరూ కలిసి ఆమె తలనిండా అల్లిన సన్నజడలన్నీ విప్పారు. ఇప్పుడు జుట్టు మబ్బులా లేచి నిలబడింది. ఆ జుట్టంటే రషోండాకు ప్రాణం. హోటల్లో రిసెప్షన్ ఉద్యోగమన్నా ప్రాణమే. అది దక్కుతుందో లేదో రేపటి మీద ఉంది.

"అమ్మా, టెక్సస్‌లో చట్టం వచ్చింది. జుట్టు చూసి ఉద్యోగం కాదనకూడదు."

"వచ్చిందిలే. రేపు నిన్ను ఎగాదిగా చూసేవాళ్లకి ఆ చట్టం ఇళ్లకెళ్లి నూరిపోసిందా?"

"తప్పు వాళ్లదైతే నా తలెందుకు కాలాలి?"

"పంతం ఒకసారి పట్టావుగా, చాల్లే. తల వంచు."

దువ్వెన జుట్టులోకి దిగింది. నూనె చుయ్యిమంది. ఇంతా చేస్తే, ఈ హ్యూస్టన్ ఉక్కలో ఆ నునుపు రేపు మధ్యాహ్నం దాకా నిలిస్తే గొప్ప.

సరిగ్గా అప్పుడే విట్‌ఫీల్డ్ ఫోన్ చేశాడు. రషోండాకు ఉద్యోగం ఇప్పించే బాధ్యత నెత్తినేసుకున్న మనిషి. ఆయనా వీళ్లలాగే నల్లవాడే. నున్నటి గుండు. ఆయనకేం, హాయి.

"అంతా మనకు అనుకూలంగానే ఉంది తల్లీ. కాకపోతే చూసేవాళ్లు మనుషులు కదా. కాస్త నీటుగా రా."

"నీటుగా అంటే ఏంటండీ?"

ఆయన గొంతు సవరించుకున్నాడు.

"అమ్మనడుగు, చెబుతుంది."

రషోండా ఫోన్ బల్ల మీద పడేసింది. ఒళ్లు మండిపోయింది. ఆ మంట కళ్లలోంచి నీళ్లై కారింది.

"కాలిందా?" ఆర్లెటా కంగారుగా అడిగింది.

"లేదు."

"మరి ఏడుపెందుకే పిచ్చిమొహమా?"

ఆర్లెటా దువ్వెన పక్కన పెట్టి, కాలకపోయినా కూతురి మెడ మీద ఊదింది.

"మా అమ్మ నాకు చేసింది. నేను నీకు చేస్తున్నా. ఇంకెవరికీ చెయ్యక్కర్లేకుండా రేపు నెగ్గుకు రా."

"ఇలా వెళ్లి నెగ్గితే ఏం నెగ్గినట్టమ్మా?"

ఆర్లెటా దువ్వెన మళ్లీ పొయ్యి మీద పెట్టింది.

మర్నాడు ఉదయం, భుజాల మీదికి నున్నగా వాలిన జుట్టుతో రషోండా, తన లాయరు విట్‌ఫీల్డ్ పిలవగానే కోర్టు బోనెక్కి, కుడి చెయ్యెత్తి ప్రమాణం చేసి, జ్యూరీ వైపు తిరిగి చెప్పింది: "జడలు విప్పి జుట్టు సాపు చేసుకు రానన్నందుకే, ఆ హోటల్ వాళ్లు నన్ను ఉద్యోగంలోంచి తీసేశారండీ."