ఏ రాష్ట్రంలో ఉన్నారు?

“గుడ్ మార్నింగ్ సార్. ఇప్పుడు మీరు ఏ రాష్ట్రంలో ఉన్నారు?”

ఫోన్‌లో నర్సు కొరిన్ రోజూ మొదట అడిగేది ఇదే.

“నిన్న ఎక్కడున్నానో అక్కడే. మిస్సోరీలో, మా ఇంటి వరండాలో. రోజూ ఈ ఆరా ఏంటమ్మా నీకు?” ఆర్విల్ విసుక్కున్నాడు.

“రూలు సార్. నా లైసెన్సు చెల్లే రాష్ట్రంలో ఉంటేనే మీకు సలహా చెప్పాలి. కాళ్ల వాపు తగ్గిందా?”

“ఇంతకీ నువ్వెక్కడుంటావ్?”

“అది చెప్పకూడదు సార్. అదీ రూలే.”

గుండె జబ్బు వాళ్లను ఫోన్‌లోనే కనిపెట్టుకుని ఉండే కంపెనీ అది. ఆర్విల్‌కు మాత్రం అణువంత నమ్మకం లేదు. ఇల్లు ఎప్పుడు ఖాళీగా ఉంటుందో కూపీ లాగే దొంగల ముఠా అనుకున్నాడు.

దానికి తోడు ఎదురింట్లో కొత్తగా దిగిన మనిషి. రోడ్డుకు అటువైపు కాన్సాస్ రాష్ట్రం. అక్కడ కర్టెన్ సందులో ఓ ఆడమనిషి పగలంతా కూర్చునే ఉంటుంది. పలకరింపూ లేదు, పాడూ లేదు. చూపు మాత్రం ఇటే.

“పనీపాటా లేకపోతే అందరూ దొంగల్లాగే కనిపిస్తారు బాబాయ్,” అని నవ్వింది అన్నకూతురు ట్రూడీ.

“ఫోన్‌లో ఒకతి, కిటికీలో ఒకతి. ఇద్దరూ కూడబలుక్కున్నారే!”

సోమవారం ఆర్విల్ వరండాలోనే కూర్చుని, ఇల్లు ఖాళీ అంటే ఏమంటుందో చూద్దామని ఫోన్‌లో ఓ పరీక్ష పెట్టాడు.

“ఇవాళ ఇల్లినాయ్‌లో ఉన్నా. మా చెల్లెలింట్లో.”



“అక్కడ నా లైసెన్సు చెల్లదు సార్...”

“ఇల్లు ఖాళీ అనగానే తప్పుకుంటున్నావా? ఇక నీ ఆటలు సాగవు!” ఆర్విల్ విసురుగా కుర్చీలోంచి లేచాడు. ఊపిరి అందలేదు.

“సార్, ఆ మెట్లు దిగకండి! కూర్చోండి!”

మెట్లున్నాయని దీనికెలా తెలుసు? ఎక్కడి నుంచి చూస్తోంది? ఆర్విల్ కంగారుగా ఒక మెట్టు దిగాడు. కళ్లు బైర్లు కమ్మాయి. ఎదురింటామె రోడ్డు దాటి పరుగెత్తుకు రావడం మాత్రం కనిపించింది.

ఆస్పత్రిలో కళ్లు తెరిస్తే పక్కన ట్రూడీ ఉంది.

“అంబులెన్స్ వచ్చేదాకా ఎదురింటావిడ నీ గుండె మీద అదుముతూనే ఉందట బాబాయ్. లేకపోతే నువ్వు దక్కేవాడివి కాదు.”

ఆర్విల్ సిగ్గుతో చచ్చిపోయాడు.

“పాపం, ఆ తల్లిని ఎన్నేసి మాటలన్నాను! అసలు దొంగ ఆ ఫోన్‌దేనే. మా మెట్ల సంగతి కూడా తెలుసు దానికి. కంపెనీకి ఫోన్ కొట్టు, ఇప్పుడే!”

ట్రూడీ ఎంత చెప్పినా వినలేదు. చివరికి ఆమే ఫిర్యాదు చేయాల్సి వచ్చింది.

పది రోజులకు ఇల్లు చేరాడు. ట్రూడీ చేసిన పీచ్ పండ్ల కేకు ఒక చేత్తో, కర్ర ఒక చేత్తో పట్టుకుని, చెప్పాల్సిన కృతజ్ఞతలన్నీ మనసులో వల్లె వేసుకుంటూ రోడ్డు దాటాడు.

ఎదురింటి తలుపుకు తాళం. పక్కనే టులెట్ బోర్డు.

జేబులో ఫోన్ మోగింది. కొత్త గొంతు, మగవాడిది.

“ఇప్పుడు మీరు ఏ రాష్ట్రంలో ఉన్నారు సార్?”

“కాన్సాస్‌లో,” నిజమే చెప్పాడు ఆర్విల్. “ఆ కొరిన్ ఏమైంది?”

“మీ ఫిర్యాదు మీద తీసేశారు సార్. రోగికి దగ్గర్లో కాపురముంటున్న సంగతి కంపెనీకి చెప్పలేదట. పైగా మాట్లాడుతూ మాట్లాడుతూ ఫోన్ వదిలేసి పరుగెత్తిందట.”

“ఎక్కడికి?”

“మీ ఇంటికే సార్. మీ ఎదురిల్లే కదా ఆమెది.”