మట్టిపులి బ్యాడ్జి

"క్లచ్ వదలకండి మాస్టారూ! వదలకం..."

లెక్కల మాస్టారు వదిలేశాడు. బైకు ముందుకు ఉరికి, బురదగుంట మధ్యలో ఒకసారి దగ్గి, పక్కకి ఒరిగిపోయింది. దాంతోపాటే మాస్టారూ ఒరిగాడు. అవతలి గట్టున నిలబడ్డ ఐదుగురు బైకువీరులూ పడీపడీ నవ్వారు.

యాత్ర నడిపించే కెప్టెన్ మాత్రం నవ్వలేదు. హెల్మెట్‌కి బిగించిన కెమెరా సర్దుకుని గొంతు బొంగురుగా మార్చాడు.

"చూశారుగా మిత్రులారా! మనకంటే ముందు ఏ చక్రమూ తాకని నేల ఇది. నేనూ మొదటిసారే చూస్తున్నా. ఇక్కడ తప్పుకి క్షమాపణ ఉండదు."

"క్షమాపణ తర్వాత చూద్దాం గానీ, ముందు ఈ బైకు నా కాలి మీంచి తియ్యండి బాబూ!" అన్నాడు మాస్టారు.

రెండు రోజుల మట్టిదారి యాత్ర అది. చివరి గుంటని కింద పడకుండా దాటినవాళ్ళకి 'మట్టిపులి' అని చెక్కిన ఇత్తడి బ్యాడ్జి ఇస్తారు. ఆ బ్యాడ్జి తెస్తానని మాస్టారు కూతురికి మాటిచ్చి వచ్చాడు. "తెస్తావులే నాన్నా," అంది ఆ పిల్ల, జ్వరం వచ్చినవాణ్ణి ఓదార్చినట్టు. ఆ ఓదార్పే ఆయన్ని ఇంతదూరం తరుముకొచ్చింది.

పిలిచినట్టే మలుపులోంచి ఒక ట్రాక్టరు వచ్చింది. తాడు కూడా తెచ్చుకుంది.

"అయ్యయ్యో, జారారా? మొన్నటి వానండీ, ఇంకా ఆరలేదు," అన్నాడు ట్రాక్టరాయన, బైకుకి తాడు కడుతూ.

మాస్టారు ఆకాశం వైపు చూశాడు. మబ్బు తునక లేదు. గట్టు మీద గడ్డి కాలు పెడితే కరకరలాడుతోంది.

"మొన్న వాన ఈ గుంటలోనే పడిందా?"

"కొండ వాన కదండీ. దాని ఇష్టం."

అప్పుడే ఒక అమ్మాయి సైకిలు మీద వచ్చింది. వెనక సీటుకి కోడిగుడ్ల అట్ట కట్టి ఉంది. ముప్పై గుడ్లు. ఒక్కటీ పగల్లేదు. సైకిలుకి మట్టి మరక కూడా లేదు.

"ఎటు నుంచి వచ్చావమ్మా?" అడిగాడు మాస్టారు.

"ఇటు నుంచేనండీ," అని ఎటూ చూపించకుండా తలొంచుకుని వెళ్ళిపోయింది.

కెప్టెన్ మాస్టారి భుజం తట్టాడు. "వీళ్ళకి పుట్టుకతోనే బ్యాలెన్స్ వస్తుంది మాస్టారూ. మనకి సాధన కావాలి."

గుంట పక్కనే టీ పాక. దాని వాకిలి దూలం కిందికి ఉంది. ఐదుగురూ వరసగా తల కొట్టుకున్నారు. వాళ్ళలో బ్యాంకు మేనేజరైతే లోపలికెళ్తూ ఒకసారి, బయటికొస్తూ ఒకసారి. కెప్టెన్ మాత్రం ఫోనులో వీడియో చూసుకుంటూనే, తలెత్తకుండా ఠక్కున వంగి లోపలికి దూరాడు.

"అదెలా?" అన్నాడు మేనేజరు బొప్పి తడుముకుంటూ.

"అనుభవం. కంటి కంటే ముందు మెడ చూస్తుంది."

అందరి మీదా మొరిగి, మేనేజరు చేతి తొడుగు కొరికేసిన పాక కుక్క కెప్టెన్ కాళ్ళ దగ్గర వెల్లకిలా పడుకుంది.

"నాయకుడెవరో జంతువుకి తెలుస్తుంది," అన్నాడు కెప్టెన్.

పాకావిడ టీ గ్లాసులు పెట్టింది. మాస్టారు చివరి గ్లాసు అందుకోబోతే ఆవిడ గబుక్కున లాక్కుంది. "అది కాదండీ, అందులో చక్కెర లేదు." కెప్టెన్ ఆ గ్లాసు అందుకుని తాగేశాడు.

తర్వాత బ్యాడ్జీల పంపకం. ఐదు ఛాతీల మీద ఐదు పులులు. ఆరో పులి కెప్టెన్ జేబులోకి వెళ్ళిపోయింది.

"ఇంకొక్కసారి దాటనివ్వండి," అన్నాడు మాస్టారు. "మా అమ్మాయికి మాటిచ్చాను."

"నియమం నియమమే. నన్నడిగి లాభం లేదు, ఆ నేలనడగండి."

మేనేజరు కిసుక్కుమన్నాడు. "పిల్లి బొమ్మ బ్యాడ్జి ఏమైనా ఉంటే చూడండి కెప్టెన్!"

మాస్టారు ముఖం ఎర్రబడింది. బూట్లు కడుక్కుంటానని పాక వెనక్కి నడిచాడు.

అక్కడ పెద్ద నీళ్ళ ట్యాంకు ఉంది. దానికి తగిలించిన పైపు తుప్పల కిందుగా పాక్కుంటూ నేరుగా గుంట వైపు వెళ్ళింది. కొస ఇంకా కారుతోంది. పక్కనే బురద ఆరని రెండు పారలు. వాటి వెనక గడ్డివాము, దాని వెనక నున్నటి తారు రోడ్డు. గుడ్ల అమ్మాయి ఆ రోడ్డు మీద రెండు చేతులూ వదిలేసి సైకిలు తొక్కుతోంది. మాస్టారిని చూడగానే సైకిలు ఆపేసింది.

"ఎవరికీ చెప్పకండి మాస్టారూ," అంది ఏడుపు గొంతుతో.

మాస్టారికి ముందు కోపం వచ్చింది. ఆ వెంటనే పట్టలేనంత సంతోషం వచ్చింది. గుంటే దొంగది! ప్రశ్నే తప్పయితే మార్కులెలా తీసేస్తారు? ఏ బడిలోనైనా అందరికీ వేసేయాల్సిందే. ఆరో పులి తనదే.

పాపం కెప్టెన్! నేల, పులి, సాధన అంటూ ఊగిపోతున్నాడు. ఈ పల్లెవాళ్ళు అమాయకుణ్ణి చేసి ఆడిస్తున్నారు. ఈ సంగతి అందరి ముందూ చెబితే తల ఎక్కడ పెట్టుకుంటాడు? చాటుకి పిలిచి మెల్లగా చెప్పాలి. కెమెరా ఆపించి మరీ చెప్పాలి.

పాక పక్క సందులో కెప్టెన్ గొంతు వినిపించింది. మాస్టారు అటు తిరిగాడు. కెప్టెన్ హెల్మెట్ తీసేసి ట్రాక్టరు చక్రానికి ఆనుకుని ఉన్నాడు. ట్రాక్టరాయన ఎదురుగా నిలబడి చేతులు తుడుచుకుంటున్నాడు. జాలిగా పిలుద్దామని మాస్టారు నోరు తెరిచాడు.

"నాన్నా, రేపటి గుంపుకి బురద ఇంకాస్త చిక్కగా కలుపు," అంటున్నాడు కెప్టెన్.