వద్దన్నదెవరు?

"ఎవడివయ్యా నువ్వు, మా అమ్మాయిని స్కూలు జట్టులో ఆడొద్దనడానికి?"

రేకుల షెడ్డు తలుపు గోడకి కొట్టుకునేంత విసురుగా తోసుకుని లోపలికొచ్చాడు గారెట్. టైర్ల షాపు కుర్రాళ్ళకి వదిలేసి ఉన్నపళాన బయల్దేరాడేమో, చేతులకి నల్లటి మరకలు అలాగే ఉన్నాయి. వలల మధ్య సాఫ్ట్‌బాల్ సాధన చేస్తున్న ఆడపిల్లలు బ్యాట్లు దించేసి చూశారు. అతని కూతురు లేనీ ఒక్కతే తండ్రి వంక చూడకుండా, చేతిలో బంతిని తిప్పుకుంటూ నిలబడిపోయింది.

ఊరూరా తిరిగి పోటీలాడే ఆ ట్రావెల్ టీముకి కోచ్ పడ్జెట్. గబగబా ఎదురొచ్చాడు. "గారెట్ గారూ, రండి, బయట మాట్లాడుకుందాం."

"బయటెందుకు? ఇక్కడే, అందరూ వినేలా చెప్పు. ఇవాళ స్కూల్లో సెలక్షన్లు. ఇది వెళ్ళలేదు. ఏమే, ఎందుకెళ్ళలేదంటే, స్కూలుకి ఆడితే నా టీములో ఉంచనని కోచ్ అన్నాడంది. అన్నావా, లేదా?"

పడ్జెట్ లేనీ వైపు చూశాడు. ఆ పిల్ల తలెత్తలేదు.

"అన్నాననే అనుకోండి," అన్నాడు.

"అనుకునేదేంటి? అన్నావా అని అడుగుతుంటే!"

వచ్చే దారిలో స్కూలు మైదానం దగ్గర బండి ఆపి చూశాడు గారెట్. లేనీ నిలబడాల్సిన చోట ఎవరో బక్కపిల్ల నిలబడి, వచ్చిన బంతినల్లా కాళ్ళ సందులోంచి వదిలేస్తోంది. అప్పటినుంచీ అతనికి ఒళ్ళు మండిపోతోంది.

"అసలు నీ టీములో ఏముందయ్యా? శనాదివారాలు వస్తే డల్లాస్ అంటావు, కాన్సస్ సిటీ అంటావు. నాకు బేరాలుండేదే ఆ రెండ్రోజులు. ఒక్కసారైనా వచ్చి చూశానా? పొద్దున ఓడితే మధ్యాహ్నం ఇంకోటి ఆడతారు, ఎవరు గెలిచారో సాయంత్రానికి మీకే గుర్తుండదు. స్కూలు ఆటంటే అలా కాదు. చొక్కా మీద మా ఊరి పేరుంటుంది. బస్సు డ్రైవరొస్తాడు, లెక్కల టీచరొస్తుంది, కేఫ్ ఆవిడ పొయ్యి ఆపేసి మరీ వస్తుంది. ఓడిపోతే వారం దాకా కిరాణా కొట్లో కూడా అదే మాట. చిన్నప్పట్నుంచీ పక్కపక్క బెంచీల్లో కూర్చున్న పిల్లలతో కలిసి ఆడుతుంది. బంతి పట్టడం రాని పిల్లకి ఇదే చెయ్యి పట్టుకుని నేర్పుతుంది. అవన్నీ నీ దగ్గర దొరుకుతాయా?"

"దొరకవండీ," అన్నాడు పడ్జెట్. "మీరు చెప్పింది అక్షరాలా నిజం. ఆ ఆట విలువ నాకూ తెలుసు."

ఆ ఒప్పుకోలుతో గారెట్‌కి ఇంకా తిక్కరేగింది.

"తెలిసి కూడా అడ్డుపడ్డావా! పోయినేడు ఒక్క స్కూలు ఆట వదల్లేదు తెలుసా నేను? ఎండకీ గాలికీ కంచె పట్టుకుని నిలబడ్డాను. ఆ స్కూలు కోచ్‌కేం తెలుసు, పాపం, చరిత్ర పాఠాలు చెప్పుకునే మనిషి. ప్రతి బంతికీ నేనే అరిచి చెప్పేవాణ్ణి. అంపైర్‌నీ వదల్లేదు, తప్పు చేసిన ఏ పిల్లనీ వదల్లేదు. నా గొంతు హైవే దాకా వినబడేదని ఊళ్ళో ఇప్పటికీ చెప్పుకుంటారు. కన్నతండ్రన్నాక ఆ మాత్రం పట్టించుకోవాలి. అది కాస్తా నువ్వు లాగేసుకుంటే చూస్తూ ఊరుకోమంటావా?"

వెనక నిలబడ్డ పొడుగుపిల్ల డెల్లాకి ఇదంతా అయోమయంగా ఉంది. పక్కూరి స్కూలు పేరున్న కోటు వేసుకుని ఉంది. ఉండబట్టలేక నోరు తెరిచింది.

"అదేంటండీ, మేమందరం మా మా స్కూళ్ళకి ఆడుతూనే ఉన్నాంగా? కోచే వెళ్ళి ఆడమంటాడు."

"డెల్లా, నువ్వూరుకో!" అన్నాడు పడ్జెట్ కంగారుగా.

గారెట్ ముఖం కందగడ్డయింది. ఒక్క అంగలో వెళ్ళి పడ్జెట్ కాలరు పట్టుకున్నాడు.

"అంటే అందరికీ ఒక రూలు, నా కూతురికొక రూలా? టైర్లు మార్చుకునేవాడి పిల్లంటే అంత లోకువా నీకు? ఏం పాపం చేసిందిరా అది నీకు?"

పడ్జెట్ విడిపించుకోబోలేదు. "లేనీ, ఇంక నా వల్ల కాదమ్మా," అన్నాడు.

లేనీ బంతి కింద పడేసి వచ్చి ఇద్దరి మధ్యా నిలబడింది.

"ఆయన్ని వదులు నాన్నా."

"నువ్వు మాట్లాడకు! నీ కోసమే కదా ఇదంతా..."

"ఆయన వద్దనలేదు."

గారెట్ పట్టు కాస్త సడలింది. "అన్నాడని నువ్వే కదే చెప్పావు?"

"అబద్ధం చెప్పాను. నువ్వొచ్చి అడిగితే అవునని చెప్పమని ఆయన్ని నేనే బతిమాలాను."

"ఎందుకు? స్కూలు ఆటంటే నీకిష్టం లేదా?"

"ఎందుకు లేదు? దీనికంటే అదే ఇష్టం. మా క్లాసు పిల్లలంతా అక్కడే ఉన్నారు."

"మరింకేం రోగం?"

లేనీ మొదటిసారి తలెత్తి తండ్రి కళ్ళలోకి చూసింది.

"ఈ టీము ఆటలకైతే నువ్వు రాలేవు కదా, నాన్నా!"