పైకి పాకిన తెగులు

“బతుకుతాయా, చస్తాయా? అది చెప్పు చాలు,” అంది ఇంటావిడ.

మొక్కల డాక్టరు తొందరపడలేదు. ఆ పెరటికి ప్రహరీ లేదు. ఇటలీ సైప్రస్ చెట్లే గోడ. సన్నగా, నిటారుగా, ఒకదాన్నొకటి రాసుకుని నిలబడ్డాయి. అన్నీ నవనవలాడుతున్నాయి. నడిమధ్యన ఉన్న జంట మాత్రం తుప్పు పట్టినట్టు గోధుమరంగుకు తిరిగింది.

“ముందు జబ్బేంటో తేలాలి కదా అక్కా.”

“నీకంటే ముందొకతను వచ్చి ఏదో మందు కొట్టిపోయాడు. చెట్లకి పట్టలేదు గానీ ఇంటిల్లిపాదికీ తుమ్ములు పట్టుకున్నాయి.”

డాక్టరు నవ్వి పనిలోకి దిగింది. కొమ్మ కింద తెల్లకాగితం పట్టి తట్టింది. ఆకు రసం పీల్చే నల్లి ఉంటే కాగితం మీద చుక్కలు కదలాలి. దుమ్ము తప్ప ఏమీ రాలలేదు. చెట్టు మొదట్లో మట్టి తవ్వి వేరు వాసన చూసింది. కుళ్లు కంపు లేదు. బెరడంతా వేళ్లతో తడిమింది. జిగురు కారిన చార ఎక్కడా తగల్లేదు.

వింతగా తోచింది మరొకటి. ఆ ఎండటమంతా ఒక్కనాటిది కాదు. నేలకి దగ్గరున్న రెమ్మలు ఎప్పుడో చచ్చి బూడిదరంగుకు వచ్చేశాయి. వాటి పైన గోధుమరంగు. నడుము ఎత్తులో ఇప్పుడిప్పుడే పసుపు తిరుగుతోంది. ఏడాదికి ఇంత అని లెక్క పెట్టుకుని పాకుతున్నట్టుంది.

“ఇలా మెట్లెక్కినట్టు ఎక్కే తెగులు నేను పుస్తకాల్లో కూడా చూళ్లేదక్కా.”

“మరి ఏం చదివినట్టు తల్లీ?”

అంతలో ఇంటావిడ కూతురు ఉయ్యాల దిగి పరుగెత్తుకొచ్చింది. ఇంకా బడికి వెళ్లే వయసు రాలేదు.

“మా చెట్టమ్మకి సూది వేస్తావా?”

“చెట్టమ్మ ఎవరమ్మా?”

“చెట్టులో ఉంటుంది. నన్ను పిలుస్తుంది. నిన్న పాట కూడా పాడింది.”

“లోపలికి నడు!” ఇంటావిడ అరిచిన అరుపుకి పిల్ల బిక్కచచ్చిపోయి ఇంట్లోకి పారిపోయింది.

డాక్టరుకీ ఇంటి దగ్గర అదే ఈడు కూతురుంది.

ఇక అక్కడ ఉండబట్టలేక వీధి చుట్టూ తిరిగి అవతలివైపు వెళ్లింది. అదొక అద్దె గది పెరడు. గదికి తాళం వేసుంది. మోకాలెత్తు గడ్డి. ఆ జంట చెట్ల వెనక మాత్రం పరక కూడా లేదు. నేల అలికినట్టు నున్నగా బిగిసిపోయి ఉంది. మడిచిన గోనెపట్టా ఒకటి. రెమ్మలన్నీ ఒకే చోట విరిగి, నలిగి, అటూ ఇటూ ఒత్తిగిలి ఉన్నాయి. ఒక పుల్లకి పసుపుపచ్చ ఊలుపోగు చిక్కుకుంది. ఎవడో ఊలుబొమ్మలు చూపించి పిల్లని మచ్చిక చేసుకుంటున్నాడన్నమాట!

గోనెపట్టా మీద మోకరిల్లి చూసింది. విరిగిన రెమ్మల మధ్య కన్నంలోంచి ఉయ్యాల కనిపించింది. సరిగ్గా పిల్ల ముఖం ఉండే చోటు.

తిరిగొచ్చి గొంతు తగ్గించి చెప్పింది.

“తెగులు కాదక్కా, మనిషి. ఎవడో రోజూ కొమ్మలు విడదీసి ఇటు చూస్తున్నాడు. రాపిడికి రెమ్మలు చచ్చాయి. తొక్కుడికి మట్టి బిగిసి వేళ్లకి ఊపిరాడ్డం లేదు. పాప పాకే రోజుల్లో నేలమీద పడుకుని చూసుంటాడు. ఇప్పుడు మోకాళ్ల మీద. పాప ఎదిగినకొద్దీ కన్నం కూడా పైకి జరిగింది.”

ఇంటావిడ ముఖంలో నెత్తురుచుక్క లేదు.

“పాప ఇంటికొచ్చిన వారమే ఈ చెట్లు నాటించాను,” అంది. “ఆ కన్నం మూసుకుపోవాలి. నాకు కావలసింది అంతే.”

“పోలీసులకి చెప్పకూడదూ?”

“పరువు బజారున పడేసుకోమంటావా?”

డాక్టరు కత్తెర తీసింది. సైప్రస్‌తో చిక్కే అది. ఎండిన ముదురు కొమ్మ మళ్లీ చిగురు వేయదు. పక్కనున్న పచ్చికొమ్మల్ని లాగి కట్టి, గాయాన్ని కప్పాల్సిందే. స్పిరిట్‌తో కత్తెర తుడుచుకుంటూ చచ్చిన రెమ్మలన్నీ కోసేసింది. అవతలి మట్టి గుల్ల చేసింది. గోనెపట్టా గిరవాటేసింది. పచ్చికొమ్మలు రెండువైపుల నుంచీ దగ్గరికి లాగి జనపతాడుతో బిగించింది.

అక్కడితో ఆమె చదువు అయిపోయింది. ఆ తర్వాతది తల్లి కోపం. షెడ్డులో పడున్న ఇనుప ముళ్లతీగ అడిగి తెప్పించుకుంది. ఆకుల లోపల, పైకి కనబడకుండా, వరసలు వరసలుగా అల్లింది.

“ఇంకోసారి చెయ్యి పెట్టాడంటే జన్మలో మర్చిపోడు.”

“నీ కడుపు చల్లగుండ,” అంది ఇంటావిడ మనస్ఫూర్తిగా.

పొద్దు వాలుతోంది. డాక్టరు సామాను సర్దుకుంటుంటే అవతల గేటు కిర్రుమంది. అడుగులు గబగబా వచ్చి చెట్ల వెనక ఆగాయి. ఆకులు కదిలాయి.

“స్స్... అబ్బా!”

ఆడగొంతు.

చెయ్యి వెనక్కి పోలేదు. ఆ ముళ్లలోనే తడుముకుంటూ పాత కన్నం కోసం వెతికింది. మళ్లీ అబ్బా అంది. మళ్లీ వెతికింది. పచ్చటి ఆకు మీద ఎర్రగా ఒక చుక్క జారింది.

“ఆడమనిషా?” డాక్టరు సామాను వదిలేసి ఇంటావిడ వైపు తిరిగింది. “ఎవరక్కా?”

“ఇంకెవరు, మా చెల్లెలే,” అంది ఇంటావిడ, కోసిన రెమ్మల్ని కాలితో పక్కకి నెడుతూ, “పాపని కని నా చేతుల్లో పెట్టిన రోజే ఒట్టేసింది, మళ్లీ దాని ముఖం చూడనని.”