బదులిచ్చే తలుపు

మళ్ళీ మహమ్మారి వచ్చి పిల్లలు గదులకే పరిమితమయ్యారు. పిలిచినవాళ్ళకి పిల్లల గొంతుతోనే బదులిచ్చే తలుపులు ఇంటింటికీ వచ్చాయి.

"హిమజా, తిన్నావుటే?" అంది వరాలమ్మ, మనవరాలి గది ముందు నిలబడి.

"తిన్నానమ్మమ్మా, బాగున్నాను," అంది తలుపు.

వారం రోజులుగా అదే జవాబు; వరాలమ్మ మనసు కీడు శంకించింది. "ఇవాళ తలకి ఆముదం పట్టించి రెండు జడలు వేస్తానే."

"అలాగే అమ్మమ్మా."

ఆముదం పేరెత్తితేనే ఇల్లు పీకి పందిరేసే పిల్ల! వరాలమ్మ కూతుర్ని కేకేసింది. ఇద్దరూ కలిసి గడియ విరగ్గొట్టారు.

హిమజ మూలన ముడుచుకుని ఉంది. పొడుగు చేతుల చొక్కా కింద తనకు తాను చేసుకున్న గాయాలు.

"తలుపుని బాగున్నానని చెప్పమన్నది నేనే అమ్మమ్మా. తర్వాత ఆపమన్నా ఆపలేదు."

వరాలమ్మ పిల్లని ఒళ్ళోకి లాక్కుంది. వెనకాల విరిగిన తలుపు నవ్వుతూ అడిగింది: "నాకు జడలెప్పుడు వేస్తావమ్మమ్మా?"