ఏడో నంబరు దీపం

"మిగతావన్నీ మార్చుకో వామన్. ఏడో నంబరు మాత్రం కదపకు," అంది కుముదతాయి, వెలుగుతున్న ఆ పాత దీపానికి ఎడమ చెంప అప్పగించి నిలబడి.

రంగస్థలం ముందంచున నిలువు కడ్డీకి బిగించిన పెద్ద దీపం అది. ఆఖరి అంకంలో ఆమె గడప దాటి, నేరుగా నడిచొచ్చి దాని పక్కన ఆగాలి. ఇంకో రెండడుగులు వేస్తే వాద్యగాళ్ల గుంట. సంగీత నాటకాలు తగ్గాక అందులో విరిగిన ఇనప కుర్చీలు పడేస్తున్నారు.

"అలాగే తాయీ," అన్నాడు వామన్. సాంగ్లీలోని ఆ నాటకశాలలో ముప్ఫై ఏళ్లుగా దీపాలు నడిపేది అతనే.

ఆమె వెళ్లాక మేనేజర్ నచికేత్ నవ్వాడు. "ఎల్ఈడీలు వేడెక్కవు, చెమట పట్టదు, మేకప్ కారదు. అందరికీ నచ్చింది, ఈవిడకే చాదస్తం."

"అలవాటు బాబూ. ప్రతి ఆటకీ ముందు బల్ల, కుర్చీ, గడప అన్నీ తాకి చూసుకుంటుంది. దండం పెట్టుకున్నట్టు."

"సరే కాకా, కొన్న ఆరూ వెలగాలి. కొత్త బోర్డు మాత్రం అడక్కండి."

పాత బోర్డుకు ఇరవై నాలుగు మీటలు. ఒకప్పుడు దీపానికో మీట చాలేది. ఈ కొత్తవి ఒక్కోటీ నాలుగు మింగుతున్నాయి: ఎరుపు, ఆకుపచ్చ, నీలం, తెలుపు. ఆరింటికే బోర్డు నిండింది. పాత దీపానికి మీట మిగల్లేదు.

ఆదివారం ఉదయం వామన్ దాన్ని విప్పి, అదే కడ్డీకి ఆరో ఎల్ఈడీ బిగించాడు. వాళ్ల పనిలో నంబరు చోటుది, దీపానిది కాదు. కాబట్టి మీటల కింద 7 అని కాగితం అంటించాడు. గంటసేపు తంటాలుపడి, వెనకటి పసుపు రంగే రప్పించాడు.

"ఏ కంటికీ తేడా తెలీదు," అన్నాడు నచికేత్.

మధ్యాహ్నం ఆట మొదలయ్యే ముందు మూడో గంట మోగబోతుండగా కుముదతాయి అడిగింది. "ఏడో నంబరు ఉందిగా?"

"ఉన్నచోటే ఉంది తాయీ."

అబద్ధం చెప్పానని అతను అనుకోలేదు.

ఆఖరి అంకం. ఆమె గడప దాటింది. హాలు వెనక గదిలోంచి వామన్ నాలుగు మీటలూ మెల్లగా పైకి తోశాడు. పసుపు వెలుగు పరుచుకుంది. ఆమె నడిచింది. దీపం దగ్గరికి వచ్చింది.

ఆగలేదు.

ఎడమ చెంప కాస్త పక్కకు తిప్పి, ఇంకో అడుగు వేసింది. వెలుగు చాలలేదేమోనని వామన్ మీటలు చివరిదాకా తోశాడు. దీపం జిగేలుమంది. ఆమె కాలి వేళ్లు అంచు దాటాయి. నటన అనుకుని జనం ఊపిరి బిగబట్టి చూస్తున్నారు.

తెర లాగే బబన్ ఒక్క ఉరుకున వచ్చి ఆమె కొంగు పట్టి వెనక్కి గుంజాడు. తెర పడింది.

వామన్ పరుగెత్తుకొచ్చేసరికి ఆమె కడ్డీకి చేరగిలబడి ఉంది. జానెడు దూరంలో దీపం చల్లగా వెలిగిపోతోంది. తెరిచిన ఆమె కళ్లు రెప్పవేయడం లేదు.

"తాయీ, దెబ్బ తగిలిందా?"

ఆమె గొంతు వచ్చిన వైపు ముఖం తిప్పింది.

"ఏడో నంబరు ఎందుకు వెలిగించలేదు వామన్?"